కింది బాల్కనీ పొగ, పై గదిలో పాప

ప్రశ్న: మేము అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాం. మా పాపకు ఐదేళ్లు. తరచూ పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడుతున్నాం. మా కింది ఫ్లాట్‌లో రిటైరైన ఒక పెద్దాయన, ఆంటీ ఉంటారు. ఆయన పొద్దునా రాత్రీ బాల్కనీలో నిలబడి సిగరెట్ కాలుస్తారు. ఆ పొగంతా పాప పడుకునే గదిలోకి వస్తుంది. ఒక్కోసారి కిటికీలన్నీ మూసినా బాత్రూంలోంచి వాసన కొడుతుంది. రెండుసార్లు మర్యాదగా చెప్పాను. ‘సరేనమ్మా’ అన్నారు, కానీ మారలేదు. పోయిన నెల కోపం ఆపుకోలేక, ఆయన కాలుస్తుండగా ఫొటో తీసి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పటినుంచి ఆంటీ నాతో మాట్లాడటం లేదు. ఆయన కావాలనే ఇంకా ఎక్కువ కాలుస్తున్నారేమో అనిపిస్తోంది. సెక్రటరీగారు ‘ఎవరిల్లు వారిష్టం’ అంటారు. మావారు ‘చూసీ చూడనట్టు వదిలేయ్’ అంటారు. ఆయనకూ ఆ అలవాటు ఉంది కానీ ఇంట్లో కాల్చరు, మెట్ల దగ్గరికి వెళ్తారు. నేనేమైనా అతి చేస్తున్నానా? పోలీసులకు చెప్పాలా, ఇల్లు మారాలా?
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు సెక్రటరీగారి మాట సంగతి చూద్దాం. ‘ఎవరిల్లు వారిష్టం’ అన్నది గోడ దాటని వాటికి సరిపోతుంది. పొగ గోడ దాటుతుంది. అది దాటి వచ్చింది ఉబ్బసం లక్షణాలున్న పిల్ల పడుకునే గదిలోకి. కాబట్టి మీరు అతి చేయడం లేదు.

ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. పక్కవాళ్లు కాల్చిన పొగను పీల్చే విషయంలో ‘ఇంతవరకైతే ఫరవాలేదు’ అనే హద్దు లేదని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి (సర్జన్ జనరల్) 2006 నివేదిక తేల్చి చెప్పింది. పిల్లల్లో ఆయాసం ఎక్కువసార్లు, ఎక్కువ తీవ్రంగా రావడానికీ, చెవి ఇన్ఫెక్షన్లకూ ఈ పొగ కారణమవుతుందని కూడా అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఇతరుల పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో మొదటి వర్గంలో పెట్టింది. మీకు దగ్గరగా ఉండే విషయం ఇంకోటి ఉంది. నికోటిన్ శరీరంలోకి వెళ్లాక కోటినిన్‌గా మారుతుంది. రక్తంలో అదెంత ఉందో చూస్తే పొగ ఎంత పీల్చారో తెలుస్తుంది. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చని అమెరికన్ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. విడి ఇళ్లలో ఉండే పిల్లలకంటే అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లల రక్తంలో కోటినిన్ సుమారు 45 శాతం ఎక్కువగా కనిపించింది. తేడా అంతా పక్క ఫ్లాట్ల పొగవల్లే అని ఆ ఒక్క అంకెతో రుజువు కాదు. కానీ పక్కింటి పొగ మనింట్లోకి వస్తుందన్నది మీ భ్రమ కాదని చెప్పడానికి చాలు.

ఇక మీవైపు సంగతి. మీరు ఒకే పొగ అనుకుంటున్నారు గానీ, మీ ఉత్తరం చదివితే రెండు కనిపిస్తున్నాయి. ఒకటి బాల్కనీది, ఇంకోటి బాత్రూంది. వాటి దారులు వేరు, మందులు కూడా వేరు. రెండూ కలిపి ‘అంకుల్ సిగరెట్’ అనే ఒక్క కోపంగా మార్చుకోవడంవల్ల ఏదీ తెమలలేదు.

బాల్కనీది తేలిక. సిగరెట్ చుట్టూ అలుముకునే పొగలో ఎక్కువ భాగం కాల్చే మనిషి ఊదేది కాదు. రెండు దమ్ముల మధ్య వేళ్ల సందున ఊరికే కాలుతుండే కొసనుంచి వచ్చేది. అందుకే ఆయన మొహం అటు తిప్పి వదిలినా మీకు తేడా తెలియదు. వేడి పొగ పైకి లేచి, గోడ వెంబడి పాకి, పైన తెరిచి ఉన్న మొదటి కిటికీలో దూరుతుంది. గాలి వాటం మారిన రోజున అసలు రాకపోవచ్చు కూడా. ఆయన కాల్చే వేళలు తెలిస్తే ఆ కాసేపు ఆ కిటికీ మూసి, తర్వాత బార్లా తెరవచ్చు.

బాత్రూం పొగ అంత అమాయకమైంది కాదు. చాలా భవనాల్లో ఒకదాని మీద ఒకటి ఉండే బాత్రూంలన్నీ ఒకే డక్ట్‌లోకి, అంటే గాలి పోవడానికి కింది నుంచి పైదాకా వదిలిన నిలువు సందులోకి తెరుచుకుంటాయి. బయటి గాలికంటే లోపలి గాలి వెచ్చగా ఉన్నప్పుడు ఆ డక్ట్ పొగగొట్టంలా పనిచేసి కింది గాలిని పైకి లాగుతుంది. దానికి తోడు మీరు తెలియక చేస్తున్న సాయం ఒకటి ఉండొచ్చు. వాసన రాగానే కిటికీలన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తున్నారా? చాలామంది చేసే పని ఇదే. ఫ్యాన్ గాలిని బయటికి తోస్తే, ఆ మేరకు వేరే గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. కిటికీలు మూసి ఉన్నాయి కాబట్టి అది డక్ట్‌లోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి, స్విచ్ బోర్డుల వెనక గొట్టాల్లోంచి, వీధి తలుపు కిందనుంచి వస్తుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ వేస్తే బాత్రూంలో పొగ వాసన పెరగడం మీరు గమనించే ఉంటారు. గమనించకపోతే ఈసారి చూడండి.

దారి ఎక్కడుందో కనిపెట్టడానికి పల్చటి టిష్యూ కాగితం ముక్క చాలు. కిటికీలు మూసి, వంటింటి ఎగ్జాస్ట్ వేసి, ఆ ముక్కను బాత్రూం వెంటిలేటర్ దగ్గర, సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోట, స్విచ్ బోర్డుల దగ్గర, తలుపు కింద పట్టుకుని చూడండి. ఎక్కడ అది మీవైపు ఎగిరితే అక్కడినుంచి గాలి లోపలికి వస్తోందన్నమాట. పైపుల చుట్టూ సందుల్ని సిలికాన్ సీలెంట్‌తో మూయించండి. బాత్రూం ఎగ్జాస్ట్‌కు, ఫ్యాన్ ఆగగానే తనంతట తాను మూసుకునే రెక్క పెట్టించండి. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి. వాడని బాత్రూం ఉంటే దాని నేల జాలీలో అప్పుడప్పుడు ఒక చెంబు నీళ్లు పోయండి. కింద వంపులో నిలిచే నీళ్లే పైపుల్లోని గాలిని ఆపుతాయి, అవి ఆరిపోతే దారి తెరుచుకున్నట్టే. ఎగ్జాస్ట్ వేసినప్పుడల్లా కింది బాల్కనీ లేని వైపు కిటికీ ఒకటి కాస్త తెరిచి ఉంచండి. పాప గదిలో ఫ్యాన్ పెడితే గాలి బయటికి తోసేలా కాకుండా, శుభ్రమైన వైపునుంచి గదిలోకి వచ్చేలా పెట్టండి.

ఎయిర్ ప్యూరిఫయర్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు సలహా ఇచ్చే ఉంటారు. హెపా ఫిల్టర్ పొగలోని సన్న కణాలను బాగానే పడుతుంది. వాయువులను పట్టలేదు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ దండిగా ఉండాలి. పల్చటి నల్ల పొర ఉన్నవి తొందరగా నిండిపోతాయి. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు, ఆయాసం ఉన్న పిల్లకు ఓజోన్ ఇంకో శత్రువు. రూమ్ ఫ్రెష్‌నర్ పొగను తీయదు. వాసనను కప్పి, పాప పీల్చే రసాయనాల్లో ఇంకొన్ని కలుపుతుంది. పైన చెప్పినవన్నీ చేసినా పొగ తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. భవనాల్లో గాలి, ఏసీ ఏర్పాట్లకు ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ ఆష్రే ఈ విషయంలో మొహమాటపడలేదు. వెంటిలేషన్‌తోగానీ ఫిల్టర్లతోగానీ ఈ ముప్పు తీరదు, భవనం లోపల కాల్చకపోవడం ఒక్కటే దారి అంటుంది. అందుకని కింది ఫ్లాట్‌తో మాట్లాడక తప్పదు.

కానీ అంతకుముందు మీ ఇంట్లో మాట్లాడాల్సింది ఒకటుంది. మీవారు మెట్ల దగ్గర కాలుస్తారని మీరు ఉత్తరంలో మాటల్లో మాటగా అనేశారు. నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో అదే పెద్ద వాక్యంలా కనిపించింది. మెట్లు అందరివీ. అక్కడి పొగ పై అంతస్తుల తలుపుల కిందుగా వెళ్తుంది, ఆ ఇళ్లలో ఇంకో పాప ఉండొచ్చు. సిగరెట్ ఆర్పేసి లోపలికి వచ్చిన మనిషి ఊపిరిలోంచి కాసేపు పొగ వస్తూనే ఉంటుంది. చొక్కాకూ చేతులకూ అంటిన అవశేషాలు పాపను ఎత్తుకున్నప్పుడు ఆమెకు అంటుతాయి. మీ పాపకు అందుతున్న పొగలో కింది అంకుల్ వాటా ఎంతో, నాన్న వాటా ఎంతో మీకు తెలియదు. పైగా రేపు మీరు కింది ఫ్లాట్ తలుపు కొడితే, ‘ముందు మీవారికి చెప్పుకోమ్మా’ అని ఆంటీ ఒక్క మాట అంటే మీ దగ్గర జవాబు లేదు. మీవారు మానేస్తే సంతోషం. వెంటనే మానలేకపోతే భవనం బయటికి, దూరంగా వెళ్లాలి. తిరిగి వచ్చాక చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పాపను ముట్టుకోవాలి. ‘చూసీ చూడనట్టు వదిలేయ్’ అన్న మాట ఆయన నోటినుంచి ఎందుకంత సులువుగా వచ్చిందో కూడా మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కింది ఆయన్ని తప్పుపడితే తననూ పట్టినట్టవుతుందని ఆయనకు తెలుసు.

ఇప్పుడు కింది పెద్దాయన. రెండుసార్లు ‘సరేనమ్మా’ అని మారకపోవడాన్ని మీరు మోసంగా తీసుకున్నారు. నాకలా అనిపించడం లేదు. నికోటిన్ ఎక్కించిన మత్తు నిలవదు. సుమారు రెండు గంటల్లో అది శరీరంలో సగానికి పడిపోతుంది. రాత్రంతా కాల్చకుండా నిద్రపోయి లేచిన మనిషికి పొద్దున్నే మొదటి సిగరెట్ లేకపోతే చిరాకు, తలనొప్పి మొదలవుతాయి. ఏళ్ల తరబడి కాలుస్తున్నవాణ్ని ‘కాస్త చూసుకోండి అంకుల్’ అంటే ఆయన ఏం చూసుకోవాలి? మీరు అడిగింది స్పష్టంగా లేదు, ఆయన ఒప్పుకున్నదీ స్పష్టంగా లేదు.

ఇంకోటి ఆలోచించండి. ఇంట్లో హాలు, గదులు ఉండగా ఆయన బాల్కనీలోకే ఎందుకు వస్తున్నారు? బహుశా ఆంటీ లోపల కాల్చనివ్వరు. నా ఊహ నిజమైతే ఆంటీ మీ పక్షం మనిషి, మీకంటే ఎన్నో ఏళ్ల ముందునుంచీ ఇదే పోరు పడుతున్న మనిషి. ఆమెను ఫొటోతో దూరం చేసుకున్నారు. బాల్కనీలో కాల్చొద్దని మీరు గట్టిగా పట్టుబడితే ఆయన మానేయరు, బాత్రూంలోకి వెళ్తారు. అక్కడినుంచి డక్ట్ నేరుగా మీ ఇంట్లోకి. ఇప్పుడు బాత్రూం వాసన పెరిగిందని మీకనిపిస్తుంటే, గ్రూపులో ఫొటో పడ్డాక ఆయన నలుగురికీ కనిపించని చోటు వెతుక్కున్నారేమో. మీ మీద కక్షతో అనుకునే ముందు సిగ్గుతో అయ్యుండొచ్చని కూడా అనుకోండి.

కాబట్టి ఆయన్ని మానమని అడగకండి. అది మీ పని కాదు, డాక్టరుది, ఆంటీది, ఆయనది. చోటు మార్చమనీ, వేళ మార్చమనీ అడగండి. 2015 జనవరిలో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ముందుకు అచ్చం మీలాంటి కేసే వచ్చింది. కింది అంతస్తు దంపతులు బాల్కనీలో కాలుస్తుంటే పైవాళ్లు కోర్టుకెక్కారు. కాల్చేవాళ్లకు తమ ఇంట్లో తమ హక్కు ఉంది, పైవాళ్లకు బాల్కనీని పొగ లేకుండా అనుభవించే హక్కు ఉంది అని చెప్పి, ఇబ్బంది నిజంగా పెద్దదైతే కాల్చకూడని వేళలు నిర్ణయించవచ్చంటూ కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. అంత దూరం వెళ్లినవాళ్లకు కూడా చివరికి దొరికే దారి గడియారం చూసుకుని సర్దుకోవడమే. అది మీరు కోర్టు లేకుండానే కింది ఇంటి హాల్లో కూర్చుని సాధించుకోవచ్చు.

వెళ్లేముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏ రోజు, ఎన్నింటికి, ఏ గదిలో వాసన వచ్చింది, కిటికీలు తెరిచి ఉన్నాయా, ఎగ్జాస్ట్ తిరుగుతోందా, పాపకు దగ్గుగానీ పిల్లికూతలుగానీ వచ్చాయా. వాసన లేని రోజు పిల్లికూతలు వస్తే అది కూడా నిజాయితీగా రాయండి. దుమ్ము, జలుబు, బూజు కూడా అదే పని చేస్తాయి. గాలిలో సన్న కణాలను కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి, కావాలంటే పెట్టుకోండి. పోపు వేసినా ఆ అంకె ఎగురుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా పట్టుకుని కొట్లాటకు దిగొద్దు. రాసుకున్నది డాక్టరుకు చూపించి, పాపకు పొగ పడదని, పొగకు దూరంగా ఉంచాలని ఒక కాగితం మీద రాయించుకోండి. పాపకు పెదాలు నీలంగా మారడం, మాట్లాడలేనంత ఆయాసం లాంటివి కనిపిస్తే మాత్రం నోట్‌బుక్, అంకుల్, సెక్రటరీ అందర్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఫొటో సంగతి విడిగా తేల్చండి. గ్రూపులోంచి అది తీసేయడానికి వీలుంటే తీసేయండి. పెట్టిన చోటే ‘ఆ ఫొటో పెట్టడం సరికాదు, క్షమించండి’ అని రెండు ముక్కలు రాయండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు, ఇప్పుడు గొడ్డలి ముందు కింద పెట్టాల్సింది మీరే. ఆ క్షమాపణ వెనకాల ‘కానీ మీరు కూడా…’ అని తోక తగిలించొద్దు. తోక ఉంటే అది క్షమాపణగా ఎవరూ తీసుకోరు.

తర్వాత ఆయన సిగరెట్ వెలిగించి లేని వేళ, ఆంటీ ఇంట్లో ఉన్నప్పుడు, మీవారితో కలిసి వెళ్లండి. మీవారు రావడం ముఖ్యం. ‘నాకూ ఈ అలవాటు ఉంది అంకుల్, నేను మెట్ల దగ్గర మానేసి బయటికి వెళ్తున్నా’ అని ఆయన నోటితో చెబితే, పెద్దాయనకు తలవంచుకోవాల్సిన అవసరం లేకుండా పోతుంది. మీరు ఇలా అనొచ్చు: ‘అంకుల్, ఆ ఫొటో విషయంలో తప్పు నాదే. పాపకు పొగ తగిలితే రాత్రిళ్లు పిల్లికూతలు వస్తున్నాయి, డాక్టరుగారు రాసిచ్చారు. మిమ్మల్ని మానేయమని అడగడానికి రాలేదు. బాత్రూంలో కాలిస్తే డక్ట్‌లోంచి నేరుగా పాప గదిలోకి వస్తోంది, అక్కడ మాత్రం వద్దు. రాత్రి పాప పడుకున్నాక మీరు కిందికి దిగి, గేటు అవతలికి వెళ్లగలరా? పొద్దున బాల్కనీలో ఏ వేళకు కాలుస్తారో చెప్తే ఆ కాసేపు మేం కిటికీ మూసేసుకుంటాం.’ చూశారా, ఇందులో ఆయన చేయాల్సింది రెండు, మీరు చేస్తానన్నది ఒకటి ఉంది. మోకాళ్ల నొప్పులో మరొకటో ఉండి దిగలేనంటే, మీ గదికి దూరంగా ఉండే వేరే బాల్కనీ ఉందేమో అడగండి. ఒక నెల చూద్దాం అని చెప్పి రండి. జీవితాంతం ఒప్పందమంటే భయపడే మనిషి కూడా నెలకు ఒప్పుకుంటాడు.

ఇవేవీ పనిచేయకపోతే అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అందులో ఆయన పేరు రాయొద్దు. మెట్లు, లిఫ్ట్, వరండాలు, పార్కింగ్‌లో పొగ వద్దని తీర్మానం చేయమని, డక్ట్ సందులు మూయించమని, కాల్చుకునేవాళ్లకు భవనానికి దూరంగా ఒక చోటు చూపించమని అడగండి. అమెరికా ప్రభుత్వ గృహసముదాయాల్లో 2018 జులై నుంచి ఫ్లాట్ల లోపలే కాకుండా భవనం చుట్టూ 25 అడుగుల మేర కూడా సిగరెట్ నిషేధం. ఆ దూరం మీ అసోసియేషన్‌కు కూడా మంచి కొలతే. చోటు చూపించకుండా నిషేధం మాత్రమే పెడితే అందరూ బాత్రూంలలోకి దూరతారని మీటింగ్‌లో గట్టిగా చెప్పండి. డాక్టరు కాగితం జత చేస్తే ‘ఎవరిల్లు వారిష్టం’ అనడం సెక్రటరీగారికి అంత తేలిక కాదు.

పోలీసుల దాకా వెళ్లొద్దనే నా సలహా. ఎక్కువ చోట్ల చట్టాలు బహిరంగ ప్రదేశాలు, ఆఫీసులు, బస్సులు, రైళ్లలో పొగను ఆపుతాయి. 2005లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందం కూడా ప్రధానంగా వాటి గురించే మాట్లాడుతుంది. సొంత బాల్కనీ చాలావరకు ఆ గీతకు అవతలే ఉండిపోతుంది. పొరుగువారికి నిరంతరం ఇబ్బంది కలిగిస్తున్నారని సివిల్ దావా వేసే వీలు కొన్ని చోట్ల ఉంటుంది, అది మీ ఊరి లాయరు చెప్పాలి. పాప బడికి వెళ్లే వయసులో సంవత్సరాల తరబడి నడిచే కేసు మీకెందుకో నాకైతే అర్థం కాదు.

మీరు అద్దెకు ఉన్నారు కాబట్టి ఇల్లు మారడాన్ని ఓటమిగా చూడొద్దు. సందులు మూసి, మాట్లాడి, నెలో రెండు నెలలో చూసినా పాప పిల్లికూతలు తగ్గకపోతే మారిపోండి. అయితే కొత్త ఇల్లు మధ్యాహ్నం చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. రాత్రి భోజనాల వేళ దాటాక ఒకసారి వెళ్లండి. కింది బాల్కనీల్లోకి తొంగి యాష్‌ట్రేలున్నాయేమో చూడండి. బాత్రూం తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి, రెండు నిమిషాలు అక్కడే నిలబడి వాసన చూడండి. అద్దె కాగితంలో పొగ గురించి ఒక వాక్యం రాయించమని అడిగితే ఓనరు ఏమంటారో, ఆ జవాబుతోనే అక్కడ మీకు ఎంత సాయం దొరుకుతుందో తెలిసిపోతుంది.